నేను కెనడియన్ని

ఏళ్ళ తరబడి దీన్ని మోస్తున్నాను. పాస్టరు గారికి చెప్పలేదు, నా భర్తకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నా మొహం చూడరు కాబట్టి. నా ధైర్యం అంతవరకే.

నేను సౌదీలో, అభా ఊళ్ళో నర్సుని. మాది కోనసీమ. కెనడా పౌరసత్వం తీసుకున్నాకే ఇక్కడికి వచ్చాను, ఎందుకంటే ఇక్కడ పనిని బట్టి కాదు, పాస్‌పోర్టుని బట్టి జీతమిస్తారు. ఇండియా పాస్‌పోర్టు తిరిగి ఇచ్చెయ్యాలి, రెండూ ఉంచుకోవడానికి మన చట్టం ఒప్పుకోదు. నేను ఇవ్వలేదు. ఊరెళ్ళేటప్పుడు వీసా బాధ ఉండదని బీరువాలో దాచుకుని, అది తెలివనుకున్నాను. ఆసుపత్రిలో మాత్రం కెనడాలోనే పుట్టానని చెప్పుకు తిరిగేదాన్ని. మన నర్సుల్ని చూసి జాలిపడేదాన్ని కూడా. ఏం చూసుకుని ఆ మిడిసిపాటు?

ఒక మధ్యాహ్నం ఒక మేడమ్ తన ఇంటి పనిమనిషిని తీసుకొచ్చింది. చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. వంట చేస్తూ నూనె ఒలకబోసుకుందని మేడమ్ డాక్టరుకి అరబీలో చెప్పింది. చేతికి చుట్టిన గుడ్డ విప్పుతూ నేను "అయ్యో" అన్నాను. ఆ రోజు నేనన్న నిజమైన మాట అదొక్కటే.

ఆమె చటుక్కున తలెత్తింది.

"అక్కా, మీరు తెలుగోళ్ళేనాండి? నూనె ఒలికిపోలేదండి. ఈవిడే పోసిందండి. నన్ను మళ్ళీ ఆ ఇంటికి పంపొద్దని డాక్టరు గారికి చెప్పండక్కా."

ఏమంటోందని డాక్టరు నన్నడిగాడు.

చెబితే పోలీసులొస్తారు, మన ఎంబసీ వాళ్ళొస్తారు, సాక్షిగా నా పేరు రాసుకుంటారు, దాచిన పాస్‌పోర్టు సంగతి బయటపడుతుంది. పడితే ఏమవుతుంది? మహా అయితే జరిమానా. దానికే భయపడ్డానా? లేక ఈ పనిమనిషీ నేనూ ఒక గడ్డ వాళ్ళమేనని డాక్టరు ముందు తేలిపోతుందనా? నిజం చెప్పాలంటే నా మనసులో ముందు మెదిలింది రెండోదే.

"నాకు తెలీదు డాక్టర్. ఆ భాష రాదు. నేను కెనడియన్ని" అన్నాను ఇంగ్లీషులో.

ఆమెకు అర్థమైపోయింది. నేను కట్టు కట్టాను, చాలా శుభ్రంగా. మేడమ్ ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది. కట్టు మార్చడానికి రమ్మన్న రోజున ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

రెండు పడవల మీద కాళ్ళు పెడితే మునుగుతారంటారు. నేను మునగలేదు. రెండు పాస్‌పోర్టులూ భద్రంగా ఉన్నాయి. ముంచింది ఆమెను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి ఎక్కడుందో, అసలు ఉందో లేదో కూడా నాకు తెలీదు. రాదన్న భాషలోనే ఇదంతా రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.