గిన్నెలో కాఫీ, గంటసేపు ఫ్రెంచ్

ఆదివారం పొద్దున టేబుల్ మీద బ్రెడ్డు, వెన్న, జామ్ సర్దిపెడితే మా ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చి, "ఎవరికి జ్వరం?" అన్నారు. ఆయన తప్పేం లేదు. మా రెండు కుటుంబాల్లోనూ బ్రెడ్డు ప్యాకెట్ ఇంట్లోకి వచ్చిందంటే ఎవరో మంచం ఎక్కారనే అర్థం. ఒంట్లో బాగున్నవాళ్లు ఇడ్లీ తింటారు.

"జ్వరం కాదు, హోంవర్క్," అన్నాను.

సంగతేమిటంటే, ఇక్కడ కెనడాలో ఆయన వర్క్ పర్మిట్ వచ్చే వేసవితో అయిపోతుంది. ఇక్కడే ఉండిపోవడానికి కావలసిన పీఆర్‌కి వయసును బట్టి పాయింట్లు వేస్తారు, వయసు పెరిగేకొద్దీ ఆయనవి తగ్గుతూ వచ్చాయి. పర్మిట్ అయ్యేలోగా పీఆర్ దారి దొరక్కపోతే మిల్టన్‌లో ఈ టౌన్‌హౌస్‌ ఖాళీ చేసి పెట్టెలు సర్దుకోవాల్సిందే. ఫ్రెంచ్ పరీక్ష పాసైనవాళ్లను పీఆర్‌కి వేరుగా పిలుస్తున్నారని విని ఇద్దరం ఆన్‌లైన్ క్లాసుల్లో చేరాం. మూడు నెలలు తిరిగేసరికి తేలిందేమిటంటే, కోడ్ రాయడంలో అంత దిట్ట అయిన మా ఆయనకు ఫ్రెంచ్ బొత్తిగా తలకెక్కదు. నాకు ఎక్కింది. పక్క ఊరు మిస్సిసాగాలో ఫార్మా ల్యాబ్ ఉద్యోగ అనుభవం కూడా ఉంది కాబట్టి మెయిన్ అప్లికెంట్‌ని నేనే అయ్యాను. ఇక్కడికి రాకముందు అమెరికాలో ఏడేళ్లు, ఉద్యోగం చేసే వీల్లేక, ఆయన వీసా మీద డిపెండెంట్‌గా కూర్చున్నదాన్ని. అలాంటిది ఇప్పుడు ఇల్లంతా నా నోటి మీద ఆధారపడింది. గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది.

చదవడం, రాయడం, వినడం ఫరవాలేదు. మాట్లాడమంటేనే సగం వాక్యంలో ఆగిపోయి ఎదుటివాళ్ల మొహం చూస్తాను. మాంట్రియల్ నుంచి పాఠం చెప్పే మేడమ్ అది కనిపెట్టి ఒక మందు చెప్పింది. వారానికోసారి ఇంట్లో పద్ధతిగా ఫ్రెంచ్ బ్రేక్‌ఫాస్ట్ పెట్టుకోవాలి, అది అయ్యేదాకా ఫ్రెంచ్ తప్ప మరో మాట నోట రాకూడదు.

పద్ధతి అంటే ఆషామాషీగా లేదు. కాఫీ కప్పులో కాదు, గిన్నెలో తాగాలట. మా పాయసం గిన్నెలు తీశాను. బగెట్ అనే పొడుగాటి రొట్టెను నిలువునా చీల్చి, వెన్న రాసి, ఆ పైన ఆప్రికాట్ జామ్ పూసి, కాఫీలో ముంచి తినాలి. ప్లేటు అక్కర్లేదు, రొట్టె టేబుల్ మీదే పెట్టుకుంటారట. నా ప్రాణం ఒప్పక టేబుల్‌ను మూడుసార్లు తుడిచాను. కాఫీ మాత్రం మన ఇత్తడి ఫిల్టర్‌లో దిగిన డికాక్షనే, పాలు ఎక్కువ పోశాను. రొట్టె మొదటిసారి ముంచగానే దాని మీద వెన్న తేలింది. మా ఆయన ఆ గిన్నెలోకి, తర్వాత నా మొహంలోకి దిగులుగా చూశారు. ఏమన్నా అనాలంటే ఫ్రెంచ్ రాదు. ఆ చూపుకి నాకు నవ్వాగలేదు.

ఆ మొదటి ఆదివారమే ఒక విషయం తెలిసొచ్చింది. నేను ఆగిపోయినా ఎవరూ అందుకోవడం లేదు. పన్నెండేళ్లుగా నేను మొదలుపెట్టిన మాటను ఆయనే పూర్తి చేస్తున్నారు. పార్టీలో ఏ ఆంటీ అయినా, "నీ జాబ్ ఎలా ఉందమ్మా?" అని నన్ను అడిగితే, "తనకేం ఆంటీ, హాయిగా ఉంది," అని ఆయనే చెప్పేస్తారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, తొందర. నాకూ అలవాటై, సగం చెప్పి ఆగడం నేర్చుకున్నాను. నా వెధవ అలవాటు అక్కడ మొదలైందన్నమాట. ఫ్రెంచ్‌లో ఆయనకు అందుకునే దారి లేదు. తడుముకుంటూ, తప్పులతో, నా వాక్యం నేనే ముగించాలి.

నాలుగో ఆదివారమో ఐదో ఆదివారమో, పాత సంగతులు చెప్పడం ప్రాక్టీస్ చేస్తూ అమెరికా రోజుల గురించి చెప్పాను. మధ్యాహ్నాలు ఏమీ కొనేది లేకపోయినా దుకాణానికి వెళ్లేదాన్ని, కౌంటర్ దగ్గర అమ్మాయి హలో అంటుందని. తెలుగులో ఈ మాట చాలాసార్లు ఎత్తాను. ప్రతిసారీ ఆయన, "బోర్ కొట్టేది కదా, పాపం," అని మూసేసేవారు. తెలిసిన సంగతే కాబట్టి ఫ్రెంచ్‌లోనూ ఆయనకు అర్థమైంది, కానీ ఈసారి మూయడానికి మాటల్లేవు. రొట్టె చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఆయన జామ్ సీసా మెల్లగా నావైపు జరిపారు.

ఫ్రెంచ్ పరీక్షలో, పరీక్ష పెట్టే ఆవిడనే స్నేహితురాలనుకుని దేనికో ఒప్పించమన్నారు. మధ్యలో మాట తట్టలేదు. ఎదురుగా ఉన్నావిడ ఊరికే చూస్తోంది. అదే ఇదివరకైతే చేతులెత్తేసేదాన్ని. ఊపిరి పీల్చుకుని, తెలిసిన చిన్న మాటలతోనే ఆ వాక్యాన్ని గట్టెక్కించాను. కార్లో కాచుకున్న మా ఆయన, "ఎలా చేశావు?" అంటే, "తెలీదు, ఆగలేదు," అన్నాను.

కొన్ని వారాలకు ఒక సాయంత్రం ఫలితం వచ్చింది. నాలుగింట్లోనూ కావలసిన స్థాయి దాటాను. మా ఆయన ఫోన్ నా ముందు ఊపుతూ హాలంతా తిరిగారు, వాళ్లమ్మకి ఫోన్ చేసి నా గురించే గొప్పలు చెప్పారు. పెట్టేశాక సోఫాలో కూలబడి, "హమ్మయ్య, ఇక ఆ బ్రెడ్డు పీడ వదిలింది. ఆదివారం పెసరట్లు వెయ్యి," అన్నారు.

"ఆదివారం బ్రెడ్డే," అన్నాను.

"ఇంకా దేనికి? పరీక్ష అయిపోయిందిగా."

"నేను మాట్లాడేది ఆ గంటే."

ఆయన నవ్వారు. "మిగతా వారమంతా మాట్లాడేది ఎవరు మరి?"

"మీరు."

ఆయన నవ్వు ఆగింది. ఫోన్ పక్కన పెట్టి నావైపు తిరిగి కూర్చున్నారు. "చెప్పు," అన్నారు.

తెలుగులోనే చెప్పాను. చాలాసేపు పట్టింది.