థామస్ సంచి ఏమైంది?

ఆ రోజుల్లో ఇంగ్లీషంటే నాకు భయం అని చెబితే సరిపోదు. పాము కనబడితే పారిపోవచ్చు. ఇంగ్లీషు కనబడితే మాత్రం దాని ముందే కూర్చుని ఖాళీలు పూరించాలి. పెళ్లయి ఇచ్చోడ నుంచి మంథనికి వచ్చేనాటికి నా పెట్టెలో ఆరు కొత్త చీరలూ, ఒక లావుపాటి ఇంగ్లీషు గైడూ ఉన్నాయి. చీరల సంగతి ఎవరూ అడగలేదు గాని (అవి బాగానే ఉండేవి), గైడు సంగతి మాత్రం వాడకట్టంతా అడిగింది. టీచర్ ఉద్యోగానికి ముందు రాయాల్సిన అర్హత పరీక్ష అప్పటికి రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తప్పాను. తెలుగు, లెక్కలు, పిల్లల మనస్తత్వం అన్నీ కలిసి నన్ను ఒడ్డు దాకా లాక్కొచ్చేవి. అక్కడ ఇంగ్లీషు కాలు పట్టుకుని మళ్లీ నీళ్లలోకి గుంజేది. మూడోసారి కూడా తప్పితే పుస్తకాలు అటక మీద పెట్టి కుట్టుమిషన్ ముందు కూర్చుంటానని మా బాపుకు మాటిచ్చాను. కుట్టుపని తక్కువదని కాదు. సూదిలో దారం ఎక్కించడం నాకు ఇంగ్లీషు కన్నా అధ్వాన్నంగా వచ్చు.

మా ఆయన బొగ్గుగనుల్లో ఎలక్ట్రీషియన్. పొద్దున్నే గోదావరిఖని బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇంటికి. పగలంతా ఇంట్లో నేనూ, మా అత్తమ్మా. అత్తమ్మకు చదువు రాదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని వరండాలో కూర్చుని బీడీలు చేసేది. ఆమె చేతులకు ఖాళీ ఉండేది కాదుగాని చెవులు మాత్రం పూర్తిగా ఖాళీ. నాకేమో బడి రోజుల నుంచి గట్టిగా చదివితే తప్ప తలకెక్కని జబ్బు. అందువల్ల ఆ గైడులోని వ్యాకరణమంతా నా నోట్లోంచి నేరుగా అత్తమ్మ చెవుల్లోకి పోయేది. ఒకసారి రోజూ మధ్యాహ్నం ప్రిపోజిషన్లే చదువుతున్నాను. పిల్లి బల్ల కింద ఉంది, పిల్లి బల్ల మీద ఉంది, పిల్లి బల్ల పక్కన ఉంది. అత్తమ్మ అడిగిందని తెలుగులో కూడా చెబుతున్నాను. మూడు రోజులు ఓపిక పట్టి నాలుగో రోజు ఆమె బీడీకి దారం చుట్టడం ఆపింది. "గా పిల్లిని ఇంకెన్ని దినాలు గా బల్ల దగ్గరనే కూసోవెడ్తరే? దానికి ఆకలి గాదా?" అన్నది.

మాటలకు అర్థాలు అప్పజెప్పించుకునే పని కూడా ఆమెదే. నోటుపుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు మాట, రెండో పక్క తెలుగు అర్థం రాసుకునేదాన్ని. ఆ పుస్తకం అత్తమ్మ మోకాళ్ల మీద పెట్టి (చాలాసార్లు తలకిందులుగా ఉండేది), వరసగా నేనే మాట చెప్పి, నేనే అర్థం చెప్పేదాన్ని. ఆమె "అవు" అనో, "కాదు, మల్ల జెప్పు" అనో అనేది. విచిత్రమేమిటంటే ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అత్తమ్మా, నీకు అక్షరం రాదు గదా, నేను తప్పు జెప్పిన్నని ఎట్ల ఎరుకైతది?" అత్తమ్మ నన్ను జాలిగా చూసింది. "పుస్తకం ఎవరు జూస్తున్నరే పిల్లా? నీ మొఖం జూస్తున్న. తెల్సింది జెప్పేటప్పుడు నువ్వు ఉమ్మి మింగవు." అప్పటి నుంచి ఉమ్మి మింగకుండా తప్పు చెప్పడం సాధన చేశాను గాని, కుదరలేదు.

అసలు కథ పాసేజీల దగ్గర మొదలైంది. గైడు చివర యాభై దాకా పాసేజీలు ఉండేవి. అర పేజీ చదవాలి, కింద ఉన్న ఐదు ప్రశ్నలకు జవాబు పెట్టాలి. మొదటి దాంట్లో థామస్ అని ఒక కొండవూరి పోస్ట్‌మ్యాన్ ఉంటాడు. వానలో వాగు దాటుతుంటే సైకిలు జారి ఉత్తరాల సంచి నీళ్లలో పడుతుంది. రాత్రంతా అతనికి నిద్ర ఉండదు. తెల్లారి వెళ్లి చూస్తే వాగు నడిమధ్య ఒక చెట్టుకొమ్మకు సంచి తగులుకుని ఊగుతూ ఉంటుంది. అంతే, కింద ఒకటో ప్రశ్న. నేను తెలుగులో చెప్పడం ముగించి ప్రశ్నల్లోకి దిగబోతుంటే అత్తమ్మ, "ఆఁ, సంచి దొరికిందా మరి?" అన్నది. నాకు జవాబులు పెట్టే తొందర. ఇంకా నలభై తొమ్మిది పాసేజీలు బాకీ. అందుకని, "దొరికింది అత్తమ్మా. థామస్ గభాలున నీళ్లల్ల దుంకి, ఈదుకుంట పోయి, సంచి నోట గరుసుకొని ఒడ్డుకు వచ్చిండు" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే నాకే ముచ్చటేసింది. ఉమ్మి కూడా మింగలేదు. అత్తమ్మ, "నోట గరుసుకొనా?" అని, ఇంకో ఆకు అందుకుంది.

ఇక రోజూ అదే పని అయింది. పుస్తకంలో కథ సగంలో తెగిపోయేది, నేను అతికించేదాన్ని. రెండు వారాలు తిరక్కుండానే పక్కింటి పెద్దమ్మా, ఎదురింటి వదినా చాటలు పట్టుకుని మా వరండాకే వచ్చి బీడీలు చేయడం మొదలుపెట్టారు. ప్రశ్నలకు జవాబులు కూడా వాళ్లే తేల్చేవారు. ఈ పాసేజీకి తగిన పేరు ఏది అని పుస్తకం నాలుగు పేర్లు ఇస్తే, నాలుగూ పనికిరావని కొట్టేసి ఐదోది పెట్టేవారు. 'రిలక్టెంట్' అనే మాట నాకు ఎన్నిసార్లు చదివినా గుర్తుండేది కాదు. ఇష్టం లేకుండా, వెనకాముందు ఆడుతూ చేయడం అని చెప్పగానే అత్తమ్మ, "పొద్దుగాల లేవుమంటే నీ మొగడు జేసేది గదే గదా" అన్నది. ఆ తర్వాత ఆ మాట మరిచిపోవాలన్నా మరిచిపోయే వీలు లేకపోయింది. మా ఆయన దుప్పట్లోంచి ఒక కాలు బయట పెట్టి మళ్లీ లోపలికి లాక్కున్నప్పుడల్లా వంటింట్లోంచి అత్తమ్మ, "రిలట్టెంటు, రిలట్టెంటు" అని అరిచేది. ఇంట్లో ఆడవాళ్లు తననేదో ఇంగ్లీషులో తిడుతున్నారని ఆయనకు చాలాకాలం అనుమానం ఉండేది.

పరీక్ష ఇంకా పన్నెండు రోజులు ఉందనగా కరీంనగర్ నుంచి మా ఆడబిడ్డ రెండు రోజులు ఉండి పోదామని వచ్చింది. డిగ్రీ చదివింది, ఇంగ్లీషు బాగా వచ్చు. అత్తమ్మ సంతోషం పట్టలేక, మధ్యాహ్నం పెద్దమ్మా వదినా వచ్చి కూర్చోగానే, గైడు తీసి కూతురి చేతిలో పెట్టింది. "బిడ్డా, గా తామాసు కథ సదువు. నీ నోట ఇననియ్యి." నేను లోపల పప్పు కడుగుతున్నాను. గిన్నె అక్కడే వదిలేసి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆడబిడ్డ చదివింది, తెలుగులో చెప్పింది, పుస్తకం మూసింది. "సంచి నోట గరుసుకొని వచ్చేది సదువకపోతివి?" అన్నది అత్తమ్మ. "గట్ల ఏం లేదవ్వా. కొమ్మకు తట్టుకున్నది, గంతే. ఎవలు జెప్పిండ్రు నీకు?" పెద్దమ్మ నా వైపు చూసింది. వదిన నా వైపు చూసింది. అత్తమ్మ మాత్రం చూడలేదు. చాట తీసుకుని లేచి లోపలికి పోయింది. నేను పప్పు గిన్నె దగ్గరికి పోయి, కడిగిన పప్పునే ఇంకో మూడుసార్లు కడిగాను.

రెండు రోజులు అత్తమ్మ నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పచ్చడి ముందుకు జరిపేది, ఉప్పు సరిపోయిందా అని గోడను అడిగేది. ఆడబిడ్డ ఊరికి వెళ్లిపోయింది. పెద్దమ్మా వదినా వస్తే అత్తమ్మ తలనొస్తుందని పంపేసింది. నా నోటుపుస్తకం గూట్లో దుమ్ము పట్టింది. నాకూ పౌరుషం తక్కువేం కాదు. లోపల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కదాన్నే చదివాను. కళ్లు అక్షరాల మీద నడిచేవి గాని ఒక్క ముక్క లోపలికి దిగేది కాదు. మూడో రోజు వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"తప్పయింది అత్తమ్మా. జల్ది ముగించాల్నని గట్ల జెప్పిన."

అత్తమ్మ ఆకు కత్తిరిస్తూనే ఉంది. "నువ్వు ఏం జెప్పినవో గది కాదు నా బాధ. నాకు సదువు రాదు. నీ నోట్లకెల్లి వచ్చిందే నాకు పుస్తకం. నువ్వే ఉత్తయి జెప్తే నేను ఇంకెవలను అడగాలె?"

లేచి గైడు తెచ్చాను. థామస్ పాసేజీ మొదటి నుంచి ఒక్కో వాక్యం చదివి, ఒక్కో వాక్యానికీ ఉన్నదున్నట్టు అర్థం చెప్పాను. కొమ్మకు తట్టుకున్న సంచి దగ్గర ఆగి, "గంతే అత్తమ్మా" అన్నాను.

"గంతేనా?"

"గంతే. ఇంక లేదు."

"నిజంగ లేదా?" అని వంగి పేజీలోకి చూసింది. కింద తెల్లగా ఉన్న జాగాను వేలితో తడిమి, "మరి గీ జాగ ఎందుకు ఇడిసిపెట్టిండు? శాతగాక ఇడిసిపెట్టిండు" అని తేల్చింది. నాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలేదు. "నువ్వు జెప్పినప్పుడే నాకు అనుమానం కొట్టింది పిల్లా. గోదారి ఒడ్డున పుట్టి పెరిగిన్నేను. వాగు వచ్చినప్పుడు ఎవడన్న దుంకుతడా? దుంకినోడు కొట్టుకపోడా? తామాసు గంత పిచ్చోడు గాదు. ఇను, ఏమైందో నేను జెప్త."

అప్పుడు అత్తమ్మ చెప్పిన ముగింపు నాకు ఇప్పటికీ గుర్తుంది. థామస్ దూకలేదు. మధ్యాహ్నం దాకా ఒడ్డున కూర్చుని నీళ్లు తగ్గేదాకా చూశాడు. ఊళ్లో ఆడవాళ్లు ఎడ్ల పగ్గాలు తెచ్చి ఒకదానికొకటి ముడేశారు. ఒక కొస చెట్టుకు, ఒక కొస అతని నడుముకు కట్టి దించారు. సంచి దొరికింది, ఉత్తరాలు మాత్రం తడిసి ముద్దయ్యాయి. పెంకుల మీద ఆరబోసి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టారు. ఆరాయిగాని సిరా అంతా కారిపోయింది. థామస్ వాటినే పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. చదువు రానివాళ్లు చదివి పెట్టమంటే కాగితం వైపు చూస్తూ, "అందరు మంచిగున్నరట, ఫికర్ జేయకుమని రాసిండ్రు" అని చెప్పాడు.

"అంటే తామాసు గూడ ఉత్తయే జెప్పిండు గదా అత్తమ్మా?" అన్నాను, సందు దొరికిందని.

"వాడు జెప్పింది వేరే" అన్నది అత్తమ్మ. "నువ్వు జెప్పింది వేరే. ఇగ నేను జెప్పింది ఇంగిలీషుల రాయి. అప్పుడు నిన్ను మాఫ్ జేస్త."

ఆ శిక్ష పరీక్షకు ముందురోజు దాకా నడిచింది. మధ్యాహ్నం పాసేజీ చదవాలి, అది తెగిన చోట అత్తమ్మ, పెద్దమ్మ, వదిన కలిసి ముగింపు తేల్చాలి, దాన్ని నేను ఇంగ్లీషులో రాయాలి. గైడులో నూరు పేజీలు చదివినా తలకెక్కని వ్యాకరణం అక్కడ వరసగా తగులుకుంది. పగ్గాలు తేబడ్డాయి అంటే ప్యాసివ్. థామస్ దిగేసరికే నీళ్లు తగ్గిపోయినయ్ అంటే, ముందు జరిగినదానికి 'హ్యాడ్'. అత్తమ్మ ఏం చెప్పినా చివర 'అట' తగిలించేది: "ఊళ్లె ఒకామె తామాసును నువ్వు దిగకు, నేను దిగుత అన్నదట." ఆ ఒక్క వాక్యాన్ని ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చడానికి నాకు రెండు బీడీ కట్టలు తయారయ్యేంత సేపు పట్టింది. "షీ టోల్డ్ హిమ్ నాట్ టు గో డౌన్" దాకా వచ్చి చెమట తుడుచుకుంటుంటే వదిన, "గింత చిన్న మాటకు గంత పరేషానా?" అన్నది. రాసింది పైకి చదవమనేవాళ్లు. వాళ్లకు అర్థం కాదు. అయినా ముగ్గురూ పని ఆపి వినేవాళ్లు. థామస్ పేరు వచ్చినప్పుడల్లా తలూపేవాళ్లు. నేను ఎక్కడైనా తడబడి ఉమ్మి మింగితే, "అగో, అక్కడ తప్పు బోయింది" అని అత్తమ్మ పట్టేసేది.

పరీక్ష కరీంనగర్‌లో పడింది. ఆ రోజు మా ఆయన సెలవు పెట్టి మొదటి బస్సుకే నన్ను బయల్దేరదీశాడు (ఆ పొద్దు మాత్రం ఒక్క పిలుపుకే లేచాడు). హాల్లో ఇంగ్లీషు భాగం తీసి పాసేజీ చూశాను. వలస వచ్చే కొంగల గురించి. చదువుతుంటే భయం వేయలేదు. ఒక్కో వాక్యం దగ్గరా ముగ్గురు ఆడవాళ్లు చాటలు పట్టుకుని కూర్చుని, "మరి?" అంటున్నట్టే ఉంది. జవాబులు వాటంతటవే వచ్చేశాయి. ఇంకా బోలెడు సమయం మిగిలింది. ఆ మిగిలిన సమయమంతా కొంగలు వెళ్లిన చెరువు ఎండిపోయి ఉంటే అవి ఎటు పోయి ఉంటాయా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ముగ్గురూ వాకిట్లోనే ఉన్నారు. ఎట్లా రాశావని ఒక్కరూ అడగలేదు. "ఏం కథ వచ్చింది?" అన్నది అత్తమ్మ. చెప్పాను. "మరి కొంగలు ఏమైనయ్?" ఈసారి ఉన్నమాటే చెప్పాను: "తెల్వదు అత్తమ్మా. గక్కడిదాకనే ఇచ్చిండ్రు." ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "పరీచ్చ పెట్టెటోళ్లకు గూడ శాతగాలేదన్నట్టు" అని పెద్దమ్మ నిట్టూర్చింది. నేను కాళ్లు కడుక్కుని, అన్నం తిని వచ్చేసరికి ఆ కొంగలు క్షేమంగా గోదావరి ఒడ్డున దిగి ఉన్నాయి.

ఫలితాలు వచ్చిన రోజు మా ఆయన ఫోనులో చూసి, కళ్లు నులుముకుని, ఇంకోసారి చూసి, "అన్నిట్ల కంటె ఇంగ్లీషులనే ఎక్కువొచ్చినయే!" అని అరిచాడు. అత్తమ్మ చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచింది. ఎదురైన ప్రతివాళ్లతోనూ, "మేము పాసైనం" అని చెప్పడం నాకు గడప దాకా వినబడింది. నువ్వెప్పుడు రాశావమ్మా పరీక్ష అని ఎవరో అడిగితే, "ఇద్దరం గలిసే రాసినం. అది హాల్ల గూసొని రాసింది, నేను ఇంట్ల గూసొని రాసిన" అన్నది.

నిజం ఒప్పుకోవాలంటే, ఆ రోజు నాకు కొంచెం కష్టమనిపించింది. నిద్ర మానుకున్నది నేను, మెడలు పట్టేసేలా చదివింది నేను, తీరా గెలిచాక 'మేము' ఏమిటి? మా ఆయనతో చెప్పి మూతి కూడా ముడుచుకున్నాను. "సగం నీకు మిగిలింది గదా, ఊకో" అని ఆయన నవ్వాడు. ఇప్పుడు ఒక మండలం బడిలో పిల్లలకు అదే ఇంగ్లీషు చెబుతున్నాను. అప్పుడప్పుడు స్టాఫ్ రూములో ఒంటరిగా కూర్చుని, గెలుపులో సగం పోయిందని మూతి ముడుచుకున్న ఆ కొత్త కోడలిని తలుచుకుంటాను. పిచ్చిపిల్ల. అత్తమ్మ సగంతోనే ఊరుకుంది గనుక సరిపోయింది. ఆ రోజు ఆమె వీధిలో "నేను పాసైన" అని చెప్పుకున్నా, ఎదురు చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ ఉండేది కాదు.