శౌరయ్య గారి చుట్టరికాలు

మా పటమట శౌరయ్య గారికి వరసలు కలిపే పిచ్చి. "మీదే ఊరండీ?" అని మొదలుపెట్టారంటే, చేతిలో కాఫీ చల్లారేలోగా అవతలి మనిషి బావమరిది అయిపోవలసిందే. ఆటోనగర్‌లో ఆయన స్పేర్ పార్టుల షాపుకి బ్రేకు సామాను కోసం వచ్చి, అల్లుళ్లై తిరిగి వెళ్లిన లారీ డ్రైవర్లు ఎందరో.

రైల్లో టీసీని కూడా వదల్లేదు.

"చల్లపల్లా? మా మేనత్తని ఇచ్చింది అక్కడేనండీ."

"మీరు చర్చికెళ్లేవాళ్లలా ఉన్నారు. మేం హిందువులమండీ."

"అయితే ఏవైంది బావగారూ, కూర్చోండి."

అరుదైన జబ్బులున్న పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకెళ్లడం ఆయన వ్యాపకం. సంచులు మొయ్యడానికి పక్కషాపు వాణ్ణి నేనున్నాను. ఒకరోజు కొల్లేటి ఒడ్డు నుంచి రాముడు, పెద్దింట్లమ్మ తమ నాలుగేళ్ల పద్మశ్రీని ఎత్తుకుని వచ్చారు. పిల్లకి పొట్ట ఉబ్బిపోయి నాలుగడుగులు వెయ్యలేకపోతోంది. రెండు వారాలకోసారి హైదరాబాదు వెళ్లి మందు ఎక్కించుకుంటేనే బతుకుతుందన్నారు డాక్టర్లు.

పెద్దింట్లమ్మ మాత్రం కదలనంది. "ఆ ఊళ్లో మాకెవరున్నారండీ? ఏదైనా అయితే ఎవర్ని పిలుచుకోవాలి? ఇంటికాడే చూసుకుంటాం."

"ఎవరూ లేకపోవడమేంటమ్మా? మా అమలమ్మ వదినుందిగా. నువ్వు నాకు చెల్లెలివి. రాముడు తమ్ముడు."

నేను ఆయన చెవిలో గొణిగాను. "మొగుడూ పెళ్లాల్ని అన్నాచెల్లెళ్లని చేశారండీ."

"నువ్వుండవయ్యా. రైలెక్కాక సర్దుకుందాం."

పెద్దింట్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే రైలెక్కింది.

సికింద్రాబాదు స్టేషన్లో అమలమ్మ గారు అన్నం కేరేజీతో నిలబడి ఉన్నారు.

"ఈవిడ మీకెలా వదినండీ?" అని ఆరా తీశాను.

"వాళ్లబ్బాయికీ ఇలాంటి జబ్బే. మొదటిసారి నేనే తీసుకొచ్చాను. అప్పట్నుంచీ వదిన."

ఆసుపత్రి బెంచీ మీద ఇంకో అక్కయ్య, ఇద్దరు బాబాయిలు, ఒక పిన్ని. అందరూ ఆయన తీసుకొచ్చిన పిల్లల తాలూకు వాళ్లే. ఇన్నాళ్లూ వాగుడనుకున్నాను. ఈయన పరాయి ఊళ్లో ఈ తల్లుల కోసం చుట్టాల్ని పోగేస్తున్నారని అప్పుడు తెలిసి, నాకు భలే గర్వంగా అనిపించింది.

పెద్దింట్లమ్మ ఒక్క డోసూ తప్పించలేదు. ఆరు నెలలయ్యాక పరీక్షలు చేశారు. ఆ రోజు అందరం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. నర్సమ్మ నవ్వు మొహంతో బయటికొచ్చింది.

"పొట్ట బాగా తగ్గింది, మందు పనిచేస్తోంది. డాక్టరు గారు పిలుస్తున్నారు. పద్మశ్రీ తాలూకు ఎవరండీ?"

బెంచీ బెంచీ అంతా లేచి నిలబడింది.

"తల్లిని నేనండీ, కాస్త దారివ్వండి," అంటూ పెద్దింట్లమ్మ ఆ చుట్టాల్ని తోసుకుని వెళ్లేసరికి, పద్మశ్రీ తన కాళ్ల మీద తనే పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.