ఇటుకలకు మస్టరు

జనార్దనరావుగారికి ఒకటే పిచ్చి: చచ్చిపోయినవాళ్లకి హాజరు వేస్తారు.

అనంతపురంలో కరువు పనుల దగ్గర ముప్పై ఏళ్లు మస్టరు పిలిచిన మనిషి. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పుణ్యమా అని ఐర్లండ్‌లోని ఎన్నిస్‌ ఊరికి వచ్చినా నోరు ఊరుకోలేదు. అక్కడి పిల్లల పార్కులో పాత ఇటుకల షెడ్డు ఒకటుంది. ఎనభై ఏళ్ల కిందట పనుల్లేక జనం అల్లాడుతుంటే సర్కారు కట్టించింది. కట్టినవాళ్లు తలా ఓ ఇటుక మీద మేకుతో పేరు గీసుకున్నారు.

"ఇదీ కరువు పనేనమ్మా! మన శాఖే!" అని ఆయన, మనవరాలిని ఆడించడానికి అదే పార్కుకొచ్చే సులోచనతో చెప్పి మురిసిపోయారు. ఆనాటి నుంచి రోజూ నాలుగింటికి, అక్కడి చలికాలం చీకటి పడుతుండగా, మంకీ క్యాప్ పెట్టుకుని గోడ ముందు నిలబడటమే.

"పాడీ! షేమస్! టామ్!"

పేరుకీ పేరుకీ మధ్య ఆగి చెవి ఒగ్గుతారు. ఖాళీ ఊయల కిర్రుమంటుంది. ఆయన టిక్కు పెట్టుకుంటారు.

"వాళ్లొచ్చి పలికితే ఏం చేస్తారు రావుగారూ?" అనేది సులోచన, మనవరాలి కోటు గుండీలు పెడుతూ.

"ప్రెజెంట్ వేస్తానమ్మా. ఇంకేం చేస్తాను?"

సులోచన రెండో తరగతిలో బడి మానేసింది గానీ లెక్క తప్పదు. గోడ మీద పేర్లు ఇరవై మూడు. ఈయన పిలిచేవి ఇరవై నాలుగు. ఆఖరిది "మైకేల్!"

పొగమంచు కమ్మిన ఓ సాయంత్రం ఆ పేరుకి షెడ్డు లోపల్నుంచి సన్నటి గొంతు "హియర్" అంది.

సులోచన పిల్లని చంకనేసుకుని ఇంటిదాకా వెనక్కి చూడలేదు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

మర్నాడు చెప్పు కోసం వెళితే, లోపల బల్ల మీద బ్రైడీ అనే తొంభై ఏళ్ల ముసలావిడ. ఒళ్లో చెప్పు. చూపు ఆనదు. జనార్దనరావుగారు నీళ్లు నములుతూ చెప్పారు. బ్రైడీ నాన్న మైకేల్ ఈ గోడ కట్టినవాడే. అతని ఇటుక ఎప్పుడో పగిలిపోయింది. "మా నాన్న పేరుందా?" అని ఆవిడ అడిగితే ఈయన ఉందనేశారు. ఇక రోజూ పిలవక తప్పుతుందా? నిన్న ఉండబట్టలేక నాన్న తరఫున ఆవిడే పలికింది.

"దొంగ మస్టరన్నమాట!" అంది సులోచన.

"ముప్పై ఏళ్ల సర్వీసులో ఇదొక్కటేనమ్మా," అని ఆయన తల దించుకున్నారు.

ఆ పై వారం ఆయనకి జ్వరం. నాలుగైంది. బ్రైడీ లోపల కాచుక్కూర్చుంది. పిలవకపోతే నాన్న లేడనుకోదూ? సులోచనకి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ రావుగారి పిలుపుని వెక్కిరించి వెక్కిరించి పేర్లన్నీ నోటికొచ్చేశాయి. కొంగు బిగించి అందుకుంది. ఇరవై నాలుగూ పిలిచింది. బ్రైడీ నవ్వుతూ "హియర్" అంది.

ఆ వెనకే, ఎవరూ లేని మూల నుంచి ఓ మగ గొంతు గరగరలాడింది: "హియర్."

సులోచన చెప్పుల్లో కాళ్లు గట్టిగా దూర్చింది. పరుగు మాత్రం తియ్యలేదు.

"ఇప్పుడా రావడం?" అని గోడని కసిరింది. "రేపట్నుంచి వేళకి రండి!"