ఒకే కుటుంబమని వాదించినందుకు

ఆ రోజుల్లో, లోకంలోని ఏ చిక్కునైనా వాదించి విప్పవచ్చునని నాకు గట్టి నమ్మకం. రాజమహేంద్రవరానికి కాలేజీ చదువు కోసం వచ్చిన మేము అయిదుగురం, ఊరి చివర మామిడితోట కొట్టేసి స్థలాలుగా అమ్మిన కొత్త పేటలో ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకొని, ఒకే పొయ్యి మీద వంతులవారీగా వండుకొనేవాళ్ళం (నా వంతునాడు మిగిలిన నలుగురికీ ఎందుకో ఆకలి ఉండేది కాదు). ఆ పేటలో ప్రతి స్థలం దస్తావేజులోనూ ఒక షరతు ఉండేది: ఇంటికి ఒక్క కుటుంబమే కాపురం ఉండవలెను. ఆ షరతుకు కావలి ఎదురింటి శిరస్తాదారుగారు. పింఛను పుచ్చుకున్నాక ఆయనకు మరో కొలువు లేదు.

పరీక్షలు దగ్గరపడుతుండగా ఒకనాడు ఆయన మా అరుగెక్కి, "ఏంటయ్యా ఇది? కాపురమా, సత్రమా? ఇల్లుగలాయనకి కబురంపుతున్నాను, మూటలు కట్టుకోండి" అన్నారు. పెళ్ళికాని కుర్రాళ్ళకు ఊళ్ళో మరో ఇల్లు దొరకడం కల్ల. నేను గొంతు సవరించుకొని, ఒకే పొయ్యి మీద వండుకొని కలిసి తినేవారే కుటుంబమనీ, షరతులో రక్తసంబంధం ఊసే లేదనీ ఘనంగా నిరూపించాను. ఆయన తల ఊపి, "బాగుందండీ. కుటుంబమైతే కుటుంబంలాగే ఉండండి మరి" అని దిగి వెళ్ళిపోయారు. మావాళ్ళు నన్ను భుజాలకెత్తుకున్నారు.

వారం తిరగకుండానే, మాలో లావుపాటివాడైన బస్తా (మేము పెట్టిన పేరే) అన్నగారికి కొడుకు పుట్టాడని పెద్దాపురం నుంచి మనిషి వచ్చి చెప్పాడు. సంగతి చెవినపడగానే శిరస్తాదారుగారు వీధిలో నిలబడి, "పురుడు ఒక్కడికేనా? కుటుంబమన్నారుగా! అయిదుగురూ పాటిస్తే కుటుంబం, లేదంటే సత్రం. ఏమంటారు?" అన్నారు.

మైలా పురుడూ అర్థంలేని ఆచారాలని కాలేజీ సభలో వాదించి, అప్పుడప్పుడే చప్పట్లు కొట్టించుకొని ఉన్నాను. బస్తా నా చెవిలో, "ఒరేయ్, సిద్ధాంతం తర్వాత చూసుకుందాం, ఇల్లు పోతుందిరా!" అన్నాడు. "పాటిస్తామండి" అన్నాను, సభలో ఎన్నడూ పలకనంత చిన్న గొంతుతో.

పురుడు తీరేదాకా పేటలో ఎవరూ మమ్మల్ని ముట్టుకోలేదు. నూతి దగ్గర ఎవరో జాలిపడి మా బిందెలో పైనుంచి నీళ్ళు పోసేవారు. ఒకనాటి ఉదయం శిరస్తాదారుగారి భార్య మా అరుగు చివర ఒక గిన్నె పెట్టి, దూరంగా జరిగి, "కాయం నాయనా! బాలింతలు కదా, మొహమాటపడకుండా తినండి" అని కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వారు. ఆ శొంఠి, మిరియాల ఘాటుకు కళ్ళనీళ్ళు కారుతున్నా అయిదుగురం గిన్నె ఖాళీ చేశాం.

ఇల్లు మాకే మిగిలింది. పరీక్షలకు అక్కడే చదివాం. ఇప్పుడు ఎవరైనా కుర్రవాడు నా ఎదుట కూర్చొని ఆచారాలను చీల్చి చెండాడుతుంటే ముచ్చటగా వింటాను. 'ఎక్కడ అద్దెకుంటున్నావు నాయనా?' అని అడగాలనిపిస్తుంది గాని, అడగను.