బూరుగు దూది మంచు

1974 డిసెంబరు 24, మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు మా ఇంట్లో మంచు కురిపించాలన్న ఆలోచన నాకు పుట్టింది. ఆ రోజుల్లో బెజవాడలో మంచంటే తెల్లవారుజామున కృష్ణ మీద కనిపించే పొగ, అంతే. కానీ స్కాట్లండు నుంచి వచ్చిన నా కలం స్నేహితురాలికి (మా వీధంతా ఆమెను దొరసాని అనేది) పరాయి దేశంలో అదే తొలి క్రిస్మస్. ఆ మధ్యాహ్నం మంచు లేని పండగేమిటని పెరట్లో కూర్చుని ఏడ్చేసింది. రేపు మద్రాసు బండెక్కి, అక్కడున్న తన దేశస్థుల దగ్గరికి వెళ్ళిపోతానంది. మూడేళ్ళు ఉత్తరాలు రాసి పిలిపించుకున్న మనిషి పండగపూట వెళ్ళిపోతే నేను తలెక్కడ పెట్టుకోవాలి?

హాల్లో క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టిన సరుగుడు కొమ్మ మీద పరచడానికి అరకిలో పత్తి చాలని లెక్క వేసి, వన్ టౌనులో పరుపుల కొట్టున్న మా బాబాయికి కబురు చేశాను. ఆయన నాలుగు దిండ్లతో రిక్షా దిగారు.

"పత్తి కదా బాబాయ్ నేనడిగింది?"

"పత్తి ముద్దగా ఉంటదమ్మాయ్. ఇది బూరుగు దూది. ఊదితే ఎగురుద్ది! మంచంటే ఇట్టా ఉండాలి."

(ఎగురుద్ది అన్నప్పుడే నేను ఆగవలసింది.)

మర్నాడు చర్చి నుంచి వచ్చి, దిండ్లు చింపి దూది పరిచిన ఆ కొమ్మ చుట్టూ చాపల మీద కూర్చున్నాం. అమ్మ పులావు డేగిసా మూత తీసింది. నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన బంధువులను ఊరూరా పలకరిస్తూ సాగుతుంది. మధ్యలో ఎవరూ కదలకూడదు. ఉన్ని గౌనులో దొరసాని చెమటలు కక్కుతోంది. "పిల్ల ఉడికిపోతోందే" అని గొణిగి, నాయనమ్మ కళ్ళు మూసుకునే గోడ తడుముకుంటూ వెళ్ళి ఫ్యాను అయిదులో పెట్టింది.

మా మంచు కురవలేదు, లేచింది. నేను ఒక కన్ను తెరిచి చూసేసరికి బాబాయి మీసం నెరిసిపోయింది. పులావు కనబడటం లేదు. నాన్న అప్పటికి గుడివాడ చేరారు. "మూత... మూత..." అని అమ్మ పెదవులు కదపకుండా నన్ను గిల్లుతోంది. ఇంతలో దూది ముక్క ఒకటి ముక్కులోకి పోయి, నాన్న నోట ఆమెన్ బదులు పెద్ద తుమ్ము వచ్చింది. దొరసాని కడుపు పట్టుకుని చాప మీద దొర్లింది. నవ్వు ఆగాక ఇంగ్లీషులో నన్ను అడిగింది: "మద్రాసులో ఇలా కురవదు కదూ?"

పండగకు పెరుగన్నం తిన్నాం. ఆమె మరో పదిహేను రోజులు ఉంది.

ఇరవై రెండేళ్ళకే అన్నీ లెక్క కట్టేశాననుకుని, గాలిని మాత్రం లెక్కలో మరిచిపోయిన ఆనాటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. మొత్తం నష్టం: పులావు ఒక డేగిసా, దిండ్లు నాలుగు, ఆ ఏటి ప్రార్థనలో మచిలీపట్నం బంధువులందరూ.