కుమ్మరి వీధిలో కెప్టెన్ గారి పెళ్లి

మా ఆయన ఎగ్బర్ట్ ఫాన్ జార్నో పుట్టింది ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న పొమెరేనియా సీమలో, వానొస్తే కారే ఒక పెద్ద కోటలో. నలుగురన్నదమ్ముల్లో చివరివాడు. పొలాలు పెద్దవాడికి పోయాయి, ఈయనకు మిగిలింది వంశం పేరూ పొడుగాటి ముక్కూ. పదేళ్లకే సైనిక పాఠశాలలో పడేశారు. అక్కడ ఏడ్చింది అమ్మ కోసం కాదు, పెంచుకున్న బాతు కోసం. ఇది ఆయనే చెప్పాడు, నేను కల్పించలేదు.

పెద్దయ్యాక గుర్రపు దళంలో చేరాడు. ఫ్రాన్స్ యుద్ధంలో, గాయపడిన బాకా ఊదే సిపాయిని తన గుర్రం మీద వేసుకుని తెస్తుంటే మోకాల్లో తూటా దిగింది. పతకమిచ్చి కెప్టెన్ని చేశారు. ఆ కుంటికాలితోనే ఒకరోజు మా నాన్న టోనీస్ కుండల కొట్టుకు వచ్చాడు, గుర్రం మందు కలపడానికి కుండ కావాలని. ఆ తర్వాత ఆయన కొన్న కుండల్ని బట్టి చూస్తే దళంలో గుర్రాలన్నీ మంచం పట్టి ఉండాలి.

ఆఫీసరు పెళ్లాడాలంటే కర్నల్ ఒప్పుకోవాలి. కుమ్మరి పిల్లే కావాలంటే కత్తి అప్పగించి సైన్యం వదిలిపోవాలన్నారు కర్నల్ ప్లూస్కో గారు. ఆదివారానికల్లా తేల్చుకోమన్నారు. ఎగ్బర్ట్‌కి సైన్యం తప్ప వేరే ఇల్లు తెలియదు. నా వల్ల ఆ ఇల్లు పోతుందేమోనని నాకు అన్నం సహించలేదు.

శనివారం మధ్యాహ్నం ఆయన సలహా కోసం పాస్టర్ గారింటికి వెళ్లాడు. బయటికి వస్తుంటే ఆ బాకా సిపాయి చూసి, పెళ్లి రేపేననుకుని దళమంతా చాటాడు. పెళ్లికి ముందు సాయంత్రం పెళ్లికూతురి గుమ్మంలో కుండలు పగలగొట్టకపోతే, ఆ పెంకులు ఇద్దరూ కలిసి ఊడవకపోతే మాకది పెళ్లే కాదు; కుండ పగలగొట్టిన ప్రతివాడూ జంటను దీవించినట్టే. పొద్దుగూకేసరికి దళమంతా మా వీధిలో దిగింది. పగలగొట్టే కుండలు కూడా మా నాన్న దగ్గరే కొన్నారు, ఆయన వద్దంటాడా?

చప్పుడు విని ఎగ్బర్ట్ కుంటుతూ పరుగెత్తుకొచ్చాడు. ఆపుతాడనుకున్నాను. నా మొహం కేసి చూసి, మూలనున్న చీపురు తీశాడు. సరిగ్గా అప్పుడే కర్నల్ గారు గుర్రం మీద వచ్చారు.

"ఏమిటయ్యా ఈ గోల?"

"నా పెళ్లి సార్." ఎగ్బర్ట్ ఒక చేత్తో చీపురు పట్టుకునే, రెండో చేత్తో కత్తి విప్పి చాపాడు. "మీరడిగింది ఇదుగోండి."

అందుకోవడానికి కర్నల్ గుర్రాన్ని అడుగు ముందుకేయించారు. దాని డెక్క కింద మా క్యాబేజీ ఊరేసే జాడీ ఫెళ్లుమంది.

మా నాన్న టోపీ తీసి వినయంగా అన్నాడు: "గుర్రం పగలగొట్టినా దీవెన రౌతుదే దొరగారూ. తాతల నాటి మాట."

అలాంటి మాట మా ఇంట్లో ఎవరమూ అంతకుముందు విని ఎరగం. కానీ కర్నల్ కూడా పొమెరేనియావారే, పెళ్లి పెంకులతో పరాచికాలాడే ధైర్యం లేదు. మీసం కాసేపు నమిలారు.

"కత్తి కట్టుకో," అన్నారు చివరికి. "చీపురు తిరగేసి పట్టుకున్నావు. ఆ అమ్మాయినడిగి నేర్చుకో."

ఆయన చీపురు వదలనే లేదు, కత్తి పటకా ఒంటిచేత్తో పెట్టుకోలేకపోయాడు. నేనే బిగించాను. ఇద్దరం ఊడవడం మొదలుపెట్టాం. కర్నల్ గారు గుర్రం దిగి, పెంకులెత్తడానికి చేట పట్టుకున్నారు.